పేటెంట్ల సంఖ్య, పేటెంట్ల వివేకం: భారత ప్రభుత్వ పరిశోధన సంస్థల అనుభవం (1940–2017)

వ్యాససంగ్రహం

ప్రజాధనంతో నడిచే పరిశోధన సంస్థ తన ఆవిష్కరణలపై హక్కులు ఎందుకు తీసుకోవాలి, వాటిలో వేటిని నిలుపుకోవాలి, వేటిని వదులుకోవాలి అన్న ప్రశ్నలకు శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధన మండలి వేర్వేరు కాలాల్లో వేర్వేరు సమాధానాలు ఇచ్చుకుంది. తొలిదశలో పేటెంటు పరిశోధనకు నిధి సమకూర్చే సాధనం. 1970 చట్టం తరువాత అది స్వావలంబనలో ఒక భాగం. 1996 తరువాత ప్రపంచ విపణిలో ప్రవేశానికీ, సంప్రదాయ జ్ఞాన రక్షణకూ అది ఆయుధం. ఈ మూడు దశల్లోనూ పేటెంటు విలువను నిర్ణయించింది సంఖ్య కాదనీ, దాని వెనుక ఉన్న ప్రయోజన స్పష్టత అనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. హైదరాబాద్ ప్రయోగశాల అనుభవాన్ని ఇందుకు ప్రధాన నిదర్శనాల్లో ఒకటిగా తీసుకుంటుంది.

కీలకపదాలు: పేటెంటు, మేధోసంపత్తి, పరిశోధన సంస్థలు, ప్రక్రియా పేటెంటు, సంప్రదాయ జ్ఞానం, రాయల్టీ

1. ప్రవేశిక

పేటెంటు రాజ్యానికీ ఆవిష్కర్తకూ మధ్య కుదిరే ఒడంబడిక. ఆవిష్కర్త తన ఆవిష్కరణ వివరాలను లోకానికి వెల్లడిస్తాడు. ప్రతిగా రాజ్యం, ఆ ఆవిష్కరణను ఇతరులు తన అనుమతి లేకుండా వాడకుండా నిరోధించే హక్కును అతనికి కొంతకాలం ఇస్తుంది. గడువు తీరగానే ఆ జ్ఞానం అందరి సొత్తు అవుతుంది. వ్యాపార సంస్థకు ఈ ఒడంబడికలోని లాభనష్టాలు సులభంగానే కనిపిస్తాయి. ప్రభుత్వ పరిశోధన సంస్థ విషయం అంత తేలిక కాదు. ప్రజల సొమ్ముతో పుట్టిన జ్ఞానాన్ని కొంతకాలమైనా ప్రజలకే కట్టడి చేసే హక్కును అది ఎందుకు కోరాలి? కోరి పొందిన హక్కుతో ఏం చేయాలి?

ఒక సంస్థ అధీనంలోని పేటెంట్ల మొత్తాన్ని నిర్వాహకుల పరిభాషలో ‘పోర్ట్‌ఫోలియో’ అంటారు. ఈ వ్యాసంలో దానిని ‘పేటెంట్ల సముదాయం’ అని వ్యవహరించడం జరిగింది. ఈ సముదాయం ఒకసారి సంపాదించి బీరువాలో దాచుకునే ఆస్తి వంటిది కాదు. పేటెంటు హక్కు ఏ దేశానికి ఆ దేశానికే పరిమితం. కాబట్టి రక్షణ కోరిన ప్రతి దేశంలోనూ విడిగా హక్కు పొందాలి. పొందిన తరువాత దానిని నిలుపుకోవడానికి రుసుము చెల్లిస్తూ ఉండాలి. భారతదేశంలో మూడవ సంవత్సరం నుంచి ఏటా పునరుద్ధరణ రుసుము ఉంటుంది. అమెరికాలో పేటెంటు మంజూరైన మూడున్నర, ఏడున్నర, పదకొండున్నర ఏళ్లకు మూడు విడతలుగా చెల్లించాలి. రుసుము ఆగితే హక్కు పోతుంది. అందువల్ల పేటెంట్ల నిర్వహణ అంటే ఒకసారి తీసుకునే నిర్ణయం కాదు, ఏటేటా తిరిగి వేసుకోవలసిన ప్రశ్న.

భారతదేశంలో ఈ ప్రశ్న అత్యంత విస్తృతంగా ఎదురైంది శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధన మండలి, అనగా సీఎస్‌ఐఆర్‌కు. దేశమంతటా వ్యాపించిన జాతీయ ప్రయోగశాలలు దాని ఛత్రం కింద పనిచేస్తున్నాయి. హైదరాబాద్‌లోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థ వాటిలో ఒకటి. పేటెంట్ల పట్ల ఈ మండలి వైఖరిలో వచ్చిన మార్పులను కాలక్రమంలో పరిశీలించడం ఈ వ్యాసోద్దేశం.

2. వైరాగ్యం నుంచి ఉమ్మడి నిధికి

భారతదేశంలో పేటెంటు చట్టం 1856లోనే వచ్చింది. అయితే దానిని వినియోగించుకున్నవారు ప్రధానంగా బ్రిటిష్ వ్యాపారులూ ఇంజనీర్లూ. భారతీయ శాస్త్రజ్ఞులకు తొలిరోజుల్లో పేటెంటు పట్ల ఉన్నది ఆసక్తి కన్నా విముఖతే. అందుకు ప్రసిద్ధమైన ఉదాహరణ జగదీశ్ చంద్ర బోస్. విద్యుత్ తరంగాలను గుర్తించే ఆయన సాధనానికి అమెరికాలో 1901లో దరఖాస్తు పడింది, 1904లో పేటెంటు మంజూరైంది. దాని సంఖ్య 755,840. బోస్ స్వయంగా ఈ హక్కును కోరలేదు. ఆయన మిత్రురాలు సారా చాప్‌మన్ బుల్ ఒత్తిడి వల్లనే ఆ దరఖాస్తు సాధ్యమైంది. మంజూరైన పేటెంటును కూడా ఆయన ఆదాయమార్గంగా మలుచుకోలేదు. జ్ఞానాన్ని విక్రయించరాదన్న ఆయన నిష్ఠ వ్యక్తిగతంగా ఉన్నతమైనదే. కాని ఒక సంస్థ ఆ నిష్ఠ మీదనే నడవగలదా అన్న ప్రశ్న మిగిలిపోయింది.

ఆ ప్రశ్నకు శాంతిస్వరూప్ భట్నాగర్ జీవితంలో మరో రకమైన సమాధానం దొరుకుతుంది. ఆయన లాహోరులో ఆచార్యుడిగా ఉన్న కాలంలో అటోక్ ఆయిల్ కంపెనీకి ఒక చిక్కు ఎదురైంది. చమురు బావుల తవ్వకంలో వాడే బురద, భూగర్భంలోని ఉప్పు తగిలినప్పుడు గడ్డకట్టి తవ్వకాన్ని ఆపివేసేది. ఆ బురదలో ఒక దేశీయ బంకను కలిపి భట్నాగర్ ఈ సమస్యను పరిష్కరించారు. సంతుష్టులైన స్టీల్ బ్రదర్స్ సంస్థవారు పెట్రోలియం పరిశోధనకు లక్షా యాభైవేల రూపాయలు ఇవ్వజూపారు. ఆ మొత్తాన్ని భట్నాగర్ విశ్వవిద్యాలయానికి అప్పగించి పరిశోధన విభాగాన్ని నెలకొల్పేలా చేశారు. బోస్ ధనాన్ని నిరాకరించగా, భట్నాగర్ దాని గమ్యాన్ని మార్చారు. ఆవిష్కరణ నుంచి వచ్చే ఆదాయం వ్యక్తికి కాక మరో పరిశోధనకు చేరాలన్న సూత్రం ఇక్కడ స్పష్టంగా కనిపిస్తుంది.

రెండవ ప్రపంచయుద్ధ కాలంలో ఈ సూత్రం ప్రభుత్వ విధానంగా మారింది. ఆర్కాటు రామస్వామి మొదలియార్ చొరవతో 1940 ఏప్రిల్‌లో శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధన బోర్డు ఏర్పడింది. భట్నాగర్ దానికి నిర్దేశకులయ్యారు. ప్రయోగశాలలో సాధించినది కర్మాగారానికి చేరాలంటే మధ్యవర్తి అవసరమని వెంటనే తెలిసివచ్చింది. 1941లో పారిశ్రామిక పరిశోధన వినియోగ సంఘం ఏర్పాటైంది. పరిశ్రమల నుంచి వచ్చే రాయల్టీలను విడిగా ఒక నిధిలో ఉంచి, తిరిగి పారిశ్రామిక పరిశోధనకే వెచ్చించడానికి ప్రభుత్వం అంగీకరించింది. అదే ఏడాది నవంబరులో, అయిదేళ్లపాటు ఏటా పదిలక్షల రూపాయల గ్రాంటుతో పారిశ్రామిక పరిశోధన నిధికి కేంద్ర శాసనసభ ఆమోదం తెలిపింది. 1942 సెప్టెంబరు 26న సీఎస్‌ఐఆర్ స్థాపితమైంది.

ఈ దశలో పేటెంటు తాత్పర్యం సరళం: ఆవిష్కరణ, హక్కు, లైసెన్సు, రాయల్టీ, మళ్లీ ఆవిష్కరణ. ఈ వలయం సాఫీగా తిరగాలంటే ప్రభుత్వ ప్రయోగశాల కనుగొన్న ప్రక్రియను కొనే పరిశ్రమ దేశంలో ఉండాలి. స్వాతంత్ర్యానంతర తొలి దశాబ్దాల్లో అసలు లోటు అక్కడే ఉంది.

3. ప్రయోగశాలకూ కర్మాగారానికీ మధ్య

ఆ లోటును పూరించడానికి 1953 డిసెంబరులో జాతీయ పరిశోధన అభివృద్ధి సంస్థ, అనగా ఎన్‌ఆర్‌డీసీ ఏర్పడింది. బ్రిటన్‌లో 1948లో ఇదే పేరుతో ఒక సంస్థ ఉనికిలోకి వచ్చింది. ప్రయోగశాలల పేటెంట్లను, ప్రక్రియలను పరిశ్రమలకు లైసెన్సు మీద అందించడం ఈ సంస్థ విధి. ఆవిష్కర్త వేరు, హక్కుల నిర్వాహకుడు వేరు అనే విభజన దీనితో స్థిరపడింది. దీనివల్ల శాస్త్రజ్ఞుడికి బేరసారాల బెడద తప్పింది. అదే సమయంలో అతనికీ, ఆ ప్రక్రియను వాడే పారిశ్రామికుడికీ మధ్య దూరం కూడా పెరిగింది.

హైదరాబాద్ ప్రయోగశాల మూలాలు సంస్థాన కాలానివి. నాటి హైదరాబాద్ ప్రభుత్వం 1944లో కేంద్ర శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధన ప్రయోగశాలలను నెలకొల్పింది. సయ్యద్ హుసేన్ జహీర్ నాయకత్వంలో అది విస్తరించింది. 1956లో మండలి ఆధ్వర్యంలో ప్రాంతీయ పరిశోధన ప్రయోగశాలగా రూపొందింది. 1989లో భారతీయ రసాయన సాంకేతిక సంస్థ అనే నేటి పేరు వచ్చింది. బొగ్గు, నూనెలు, రసాయనాలు వంటి ప్రాంతీయ వనరులతో మొదలైన ఈ ప్రయోగశాలకు తరువాతి కాలంలో ఔషధ రసాయనాలు ప్రధాన రంగమయ్యాయి. జహీర్ 1962లో మండలికే సర్వనిర్దేశకులయ్యారు.

అదే కాలంలో మద్రాసులోని కేంద్ర చర్మ పరిశోధన సంస్థలో యలవర్తి నాయుడమ్మ మరో మార్గాన్ని ఆచరణలో చూపారు. గుంటూరు ప్రాంతం నుంచి వచ్చిన ఈ శాస్త్రజ్ఞుడు 1958 నుంచి 1971 వరకు ఆ సంస్థకు నిర్దేశకులు. దేశంలో తోళ్లు ఊనేవారిలో అధికసంఖ్యాకులు చిన్న పెట్టుబడిదారులు. వారికి లైసెన్సు పత్రం వల్ల ఒరిగేది తక్కువ. పని చేసి చూపే మనిషి కావాలి. విస్తరణ కేంద్రాల ద్వారా, శిక్షణ ద్వారా, తోళ్ల శుద్ధి జరిగేచోటికే వెళ్లి చేసిన ప్రదర్శనల ద్వారా ఆ జ్ఞానం వ్యాపించింది. అనంతరం నాయుడమ్మ 1971 నుంచి 1977 వరకు మండలి సర్వనిర్దేశకులుగా పనిచేశారు. ఆయన అనుభవం పేటెంట్ల చరిత్రలో పేటెంటు లేని అధ్యాయం. అయినా దానిని విడిచిపెట్టలేము. ఒక జ్ఞానాన్ని హక్కుగా బిగించాలా, ఉచితంగా వదలాలా అన్నది దానిని అందుకోవలసినవారు ఎవరు అన్నదానిపై ఆధారపడుతుందని ఆ అధ్యాయం తెలుపుతుంది. ఒక సంస్థ పేటెంటు తీసుకోకూడదని ఆలోచించి నిర్ణయించుకోవడం కూడా పేటెంటు విధానంలో భాగమే.

4. 1970 చట్టం: ప్రక్రియే సంపద

1911 నాటి పేటెంట్లు, డిజైన్ల చట్టం స్వతంత్ర భారతంలోనూ చాలాకాలం కొనసాగింది. దానిని సమీక్షించడానికి 1948లో బక్షీ టేక్‌చంద్ అధ్యక్షతన ఒక సంఘం, ఆ తరువాత 1957లో న్యాయమూర్తి ఎన్. రాజగోపాల అయ్యంగార్ నియమితులయ్యారు. అయ్యంగార్ 1959లో సమర్పించిన నివేదిక ఒక చేదునిజాన్ని బయటపెట్టింది. భారతదేశంలో మంజూరైన పేటెంట్లలో 80 నుంచి 90 శాతం విదేశీయులవి. వాటిలో 90 శాతానికి పైగా ఈ దేశంలో ఉత్పత్తికే నోచుకోలేదు. హక్కు ఇక్కడ, తయారీ మరెక్కడో. దిగుమతికి కంచె వేసి కాపాడుకోవడమే ఆ పేటెంట్ల ప్రయోజనమైంది.

ఈ నివేదిక పునాదిగా వచ్చిన 1970 పేటెంట్ల చట్టం 1972 ఏప్రిల్ 20న అమలులోకి వచ్చింది. ఆహారపదార్థాలు, ఔషధాల విషయంలో ఇది వస్తువుకు పేటెంటు నిరాకరించి, తయారుచేసే ప్రక్రియకు మాత్రమే అనుమతించింది. ఆ ప్రక్రియా పేటెంటు కాలపరిమితి మంజూరు నుంచి అయిదేళ్లు లేదా దరఖాస్తు సంబంధిత తేదీ నుంచి ఏడేళ్లు, ఏది తక్కువైతే అది. ఇతర రంగాల్లో పద్నాలుగేళ్లు. అంటే, ఒక మందును మరొకరు వేరే మార్గంలో తయారుచేస్తే ఆక్షేపణ లేదు.

చట్టంలోని ఈ ఒక్క వాక్యార్థం ప్రభుత్వ ప్రయోగశాలల పనితీరును మార్చివేసింది. కొత్త అణువును కనుగొనడం కన్నా, తెలిసిన అణువుకు కొత్త దారి వేయడం రసాయన శాస్త్రజ్ఞుల ప్రధాన వ్యాసంగమైంది. హైదరాబాద్‌లో ఈ వ్యాసంగానికి అనుకూలమైన పరిసరం ఏర్పడింది. సోవియట్ సహకారంతో వచ్చిన ఐడీపీఎల్ సంశ్లేషిత ఔషధాల కర్మాగారం ఒకవైపు, ప్రాంతీయ పరిశోధన ప్రయోగశాల మరోవైపు రసాయన నిపుణులను తయారుచేశాయి. ఐడీపీఎల్‌లో పనిచేసిన కల్లం అంజిరెడ్డి 1984లో డాక్టర్ రెడ్డీస్ సంస్థను స్థాపించారు. నగర పరిసరాల్లో ఔషధ పరిశ్రమ విస్తరించడం వెనుక ఈ చట్టమూ, ఈ శిక్షణా జమిలిగా పనిచేశాయి.

ఈ విధానం ఫలితం ఎంతదాకా వెళ్లిందో ఏజెడ్‌టీ ఉదంతం చూపుతుంది. ఎయిడ్స్ చికిత్సకు 1987లో అమెరికాలో ఆమోదం పొందిన ఈ మందు ధర రోగికి ఏడాదికి వేల డాలర్లలో ఉండేది. గుంటూరుకు చెందిన రసాయన శాస్త్రజ్ఞుడు ఎ.వి. రామారావు 1985 నుంచి 1995 వరకు హైదరాబాద్ సంస్థకు నిర్దేశకులుగా ఉన్నారు. ఆయన నాయకత్వంలో రూపొందిన తయారీ ప్రక్రియను సిప్లా సంస్థ అందుకుని, 1993లో ఆ మందును భారత విపణిలోకి తెచ్చింది. 2001లో అదే సిప్లా మూడు మందుల మిశ్రమాన్ని స్వచ్ఛంద వైద్యసంస్థకు రోజుకు ఒక డాలరు లోపు ధరకు ఇవ్వజూపి ప్రపంచ ఔషధ విపణిని కదిలించింది. ఆ పరిణామానికి దారితీసిన తొలి అడుగుల్లో ఒకటి హైదరాబాద్‌లోని ప్రభుత్వ ప్రయోగశాలలో పడింది.

అయితే ఈ దశకు పరిమితులు కూడా ఉన్నాయి. ప్రక్రియా పేటెంటును పక్కదారిన దాటడం సులభం. ఒక అంచెలో ద్రావణిని మార్చినా, మరో ప్రారంభ పదార్థం ఎంచుకున్నా వేరే ప్రక్రియ అని వాదించవచ్చు. ఆ కారణంగా ప్రయోగశాల అసలు సంపద పేటెంటు పత్రంలో కన్నా పనితనంలో ఉండేది. ఎంత వేడి, ఎంతసేపు, ఏ పాత్రలో, మలినాలను ఎలా తొలగించాలి వంటి వివరాలు కాగితం మీద సగమే దొరుకుతాయి. తక్కిన సగం మనుషుల చేతుల్లో ఉంటుంది. ఆదాయం స్వల్పం, ప్రయోజనం విస్తృతం అన్నది ఈ కాలపు లెక్క. సంస్థ పేటెంట్ల సముదాయం చిన్నదైనా, దాని ప్రయోజనం ఏమిటో అందరికీ తెలుసు.

5. 1996: దిశ మార్పు

1980లలో ఈ సమతూకం కదలసాగింది. 1986లో ఆబిద్ హుసేన్ అధ్యక్షతన మండలి పనితీరును సమీక్షించిన సంఘం, ప్రయోగశాలలు తమ వ్యయంలో మూడవ వంతును బయటి వనరుల నుంచి సమకూర్చుకోవాలని సూచించింది. విజ్ఞానానికి గిరాకీ వెతుక్కోవలసిన బాధ్యత ప్రయోగశాల మీద పడింది.

పుణెలోని జాతీయ రసాయన ప్రయోగశాల ఈ బాధ్యతను విదేశీ పేటెంటు ద్వారా నెరవేర్చే దారి చూపింది. పాలీకార్బొనేట్ అనే ప్లాస్టిక్ తయారీలో అక్కడి శాస్త్రజ్ఞుల పరిశోధనకు అమెరికాలో పేటెంట్లు లభించాయి. ఆ రంగంలో ప్రపంచస్థాయి ఉత్పత్తిదారైన జనరల్ ఎలక్ట్రిక్ సంస్థ వాటిని గమనించి ఆ ప్రయోగశాలతో భాగస్వామ్యం కుదుర్చుకుంది. అంతకుముందు సాంకేతికత పడమటి నుంచి తూర్పుకు ప్రవహించేది. ఇక్కడ ప్రవాహం దిశ మారింది. పేటెంటు లేకపోతే ఆ పరిశోధన ఒక పత్రికలో వ్యాసంగా మిగిలి, దానిని ఎవరైనా ఉచితంగా వాడుకునేవారు. పేటెంటు ఉండడం వల్ల ఆ ప్రయోగశాల చర్చాబల్ల వద్ద సమానస్థాయిలో కూర్చోగలిగింది.

1989 నుంచి ఆ ప్రయోగశాల నిర్దేశకులైన రఘునాథ్ మషేల్కర్ 1995లో మండలి సర్వనిర్దేశకులయ్యారు. అదే ఏడాది ప్రపంచ వాణిజ్య సంస్థ ఏర్పడి, మేధోసంపత్తి ఒప్పందం అమలులోకి వచ్చింది. పదేళ్లలో ఔషధాలకు కూడా వస్తు పేటెంటు ఇవ్వక తప్పదని తేలిపోయింది. 1996లో మండలి ‘సీఎస్‌ఐఆర్ 2001’ అనే దార్శనిక పత్రాన్నీ, మేధోసంపత్తి విధానాన్నీ ప్రకటించింది. ‘ప్రచురించకపోతే మనుగడ లేదు’ అనే విద్యారంగపు పాత నానుడి స్థానంలో పేటెంటు, ప్రచురణ, అభివృద్ధి అనే వరుస నినాదమయ్యింది. ఈ వరుసలో పేటెంటు ముందు రావడం యాదృచ్ఛికం కాదు. ఒక ఆవిష్కరణను ముందుగా ప్రచురిస్తే అది పూర్వజ్ఞానంలో కలిసిపోతుంది, నవ్యతను కోల్పోతుంది. శాస్త్రజ్ఞుడు సొంత వ్యాసం వల్లనే సొంత హక్కును పోగొట్టుకునే ప్రమాదాన్ని ఈ నినాదం అందరికీ తెలియజెప్పింది. 1998 డిసెంబరులో భారతదేశం ప్యారిస్ ఒడంబడికలోనూ, పేటెంట్ సహకార ఒప్పందంలోనూ చేరడంతో విదేశీ దరఖాస్తులకు దారి సుగమమైంది.

6. పసుపు: గ్రంథమే సాక్ష్యం

ఈ దశలోనే మండలి పేటెంటును ఎదిరించే పక్షంలో కూడా నిలబడవలసి వచ్చింది. గాయాలు మానడానికి పసుపు వాడకంపై అమెరికాలోని మిసిసిపీ విశ్వవిద్యాలయ వైద్యకేంద్రానికి 1995 మార్చి 28న పేటెంటు మంజూరైంది. దాని సంఖ్య 5,401,504. పట్టు కట్టే ముందు దెబ్బ మీద పసుపు అద్దడం తెలియని ఇల్లు భారతదేశంలో ఉండదు. కాని ఇంటింటి ఎరుక అమెరికా చట్టం దృష్టిలో అప్పట్లో సాక్ష్యం కాదు. విదేశాల్లో ఉన్న వాడుకను అది పూర్వజ్ఞానంగా గుర్తించేది కాదు. అచ్చులో వచ్చినదే లెక్క.

1996 అక్టోబరులో మండలి ఆ పేటెంటుపై పునఃపరిశీలన కోరింది. ముప్పైకి పైగా లిఖిత ఆధారాలను సమర్పించింది. వాటిలో ప్రాచీన వైద్య గ్రంథభాగాలూ, 1953లో భారతీయ వైద్యసంఘం పత్రికలో వచ్చిన ఒక వ్యాసమూ ఉన్నాయి. 1997 ఆగస్టులో అమెరికా పేటెంట్ కార్యాలయం ఆ హక్కులను తిరస్కరించింది. వర్ధమాన దేశం సంప్రదాయ జ్ఞానం ఆధారంగా అమెరికా పేటెంటును సవాలు చేసి గెలిచిన సందర్భంగా ఇది ప్రసిద్ధికెక్కింది.

ఈ వివాదంలో సాధారణంగా విస్మరణకు గురయ్యే అంశం ఒకటుంది. ఇరుపక్షాలవీ పరిశోధన సంస్థలే. ఒక పక్షం, తాను కోరుతున్నది నిజంగా కొత్తదేనా అని తగినంత వెతకకుండా హక్కు తీసుకుంది. రెండవ పక్షం ఆ వెతుకులాట చేసింది. పేటెంట్ల నిర్వహణలో మొదటి మెట్టు పూర్వజ్ఞాన అన్వేషణ అనీ, దాని లోపం సంస్థ ప్రతిష్ఠకే భంగమనీ ఈ ఉదంతం నిరూపించింది.

దీని కొనసాగింపుగా 2001లో మండలి, భారతీయ వైద్యవిధానాల విభాగం కలిసి సంప్రదాయ జ్ఞాన డిజిటల్ గ్రంథాలయాన్ని ప్రారంభించాయి. సంస్కృతం, హిందీ, అరబ్బీ, పారశీకం, ఉర్దూ, తమిళ గ్రంథాల్లోని ఔషధయోగాలను ఇంగ్లీషు, ఫ్రెంచి, జర్మన్, స్పానిష్, జపనీస్ భాషల్లోకి తెచ్చి, పేటెంటు పరిశీలకులకు అందుబాటులో ఉంచారు. 2009లో యూరోపియన్ పేటెంట్ కార్యాలయంతో దీనిపై ఒప్పందం కుదిరింది. ఇక్కడ భాషాసాహిత్య పరిశోధనకు ఒక ప్రత్యక్ష సంబంధం కనిపిస్తుంది. తెలుగు ప్రాంతాల వైద్యులు తరతరాలుగా ఆశ్రయించిన బసవరాజీయం, ఔషధ చట్టం మొదటి అనుబంధంలోని ప్రామాణిక ఆయుర్వేద గ్రంథాల జాబితాలో ఉంది. తాళపత్రాల పరిష్కరణ, వైద్యపదాల నిర్ణయం, ప్రాచీన గ్రంథాల కాలనిర్ధారణ ఇప్పుడు పండితుల పనిగా మాత్రమే మిగలలేదు. అచ్చులోకి రాని జ్ఞానానికి పరాయి కార్యాలయంలో నోరు ఉండదు కనుక, ఆ పని హక్కుల రక్షణలోనూ భాగమైంది.

7. సంఖ్యల భారం

1996 విధానం ఫలించింది. ఆ తరువాతి సంవత్సరాల్లో మండలి విదేశీ పేటెంట్లు వేగంగా పెరిగాయి. 2000 దశకం ఆరంభానికి, అంతర్జాతీయ దరఖాస్తులు చేసే వర్ధమానదేశ సంస్థల్లో మండలి ముందువరుసకు చేరింది. ఈ విజయంలోనే కొత్త చిక్కు దాగి ఉంది. పేటెంట్ల సంఖ్య ప్రయోగశాల ప్రతిభకు కొలమానమైంది, క్రమంగా శాస్త్రజ్ఞుడి పదోన్నతికీ కొలమానమైంది. సాధనం లక్ష్యస్థానాన్ని ఆక్రమించింది.

2015లో సర్వనిర్దేశకులైన గిరీశ్ సాహ్ని ఈ పరిస్థితిని బాహాటంగానే విమర్శించారు. మండలి పేటెంట్లలో అధికభాగం శాస్త్రజ్ఞుల జీవనవివరాల పత్రానికి శోభ చేకూర్చే ‘బయోడేటా పేటెంట్లు’ అన్నది ఆయన అభియోగం. మేధోసంపత్తిని విపణికి చేర్చడానికి 2011లో నెలకొల్పిన సీఎస్‌ఐఆర్–టెక్ సంస్థ నిధుల లేమితో మూతపడినట్లు 2017 జనవరిలో పత్రికలు తెలిపాయి. దేశంలో 4,500, విదేశాల్లో 8,800 చొప్పున మండలి 13,000కు పైగా పేటెంటు దరఖాస్తులు చేసిందనీ, మూడేళ్లలో ఇందుకైన వ్యయం 50 కోట్ల రూపాయలనీ ఆ వార్తలు పేర్కొన్నాయి. హక్కులు పోగుచేసే వ్యవస్థ బలపడగా, వాటిని వినియోగంలోకి తెచ్చే వ్యవస్థ కూలిపోయిందన్నది ఈ రెండు వార్తల సారం.

ఇది భారతదేశానికే పరిమితమైన చిక్కు కాదు. అమెరికాలో 1980 నాటి బే–డోల్ చట్టం, ప్రభుత్వ నిధులతో పుట్టిన ఆవిష్కరణలపై విశ్వవిద్యాలయాలకే హక్కు కల్పించింది. అక్కడి విజయానికి తరచుగా చూపే ఉదాహరణ స్టాన్లీ కోహెన్, హెర్బర్ట్ బోయర్‌ల డీఎన్ఏ సంయోజన పేటెంటు. స్టాన్‌ఫర్డ్, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయాలు దానిని ఏ ఒక్క సంస్థకూ గుత్తగా ఇవ్వలేదు. కోరినవారందరికీ అందుబాటు రుసుముతో లైసెన్సు ఇచ్చాయి. 468 సంస్థలు దానిని తీసుకున్నాయి. 1997లో గడువు ముగిసేనాటికి సుమారు 25.5 కోట్ల డాలర్ల ఆదాయం వచ్చింది. ఈ ఉదాహరణను అనుకరించాలనుకున్నవారు రెండు సంగతులను మరచిపోయారు. మొదటిది, అంతటి ఆదాయం అరుదైన ఏ ఒకటి రెండు పేటెంట్ల నుంచో వస్తుంది. రెండవది, ఆ ఆదాయం హక్కును బిగపట్టడం వల్ల కాక, ఉదారంగా పంచడం వల్ల వచ్చింది.

ఆ చట్టం నమూనాగా భారతదేశంలోనూ ప్రభుత్వ నిధులతో జనించే మేధోసంపత్తిపై ఒక బిల్లు 2008లో రాజ్యసభ ముందుకు వచ్చింది. ప్రజాధనంతో వచ్చిన ఫలితాలు ప్రజలకు అందకుండా పోతాయన్న అభ్యంతరాలు, శాస్త్రజ్ఞులను పేటెంట్ల వైపు బలవంతంగా నెట్టడమవుతుందన్న విమర్శలు వెల్లువెత్తాయి. 2014లో ఆ బిల్లు ఉపసంహృతమైంది. చట్టం ద్వారా పేటెంట్లను పెంచవచ్చు గాని, పేటెంటు వివేకాన్ని పెంచలేమన్న అభిప్రాయానికి ఆ చర్చ ఆస్కారమిచ్చింది.

8. ఉపసంహారం

సీఎస్‌ఐఆర్ చరిత్రలోని మూడు దశలను కలిపి చూసినప్పుడు కొన్ని నిర్ణయాలు సాధ్యమవుతాయి.

మొదటిది, పేటెంటు విధానం ఎన్నడూ స్వతంత్రంగా లేదు. అది దేశంలోని చట్టాన్నీ, పరిశ్రమ స్థితినీ అనుసరించింది. 1940లలో కొనేవారు లేక రాయల్టీ వలయం తిరగలేదు. 1970 చట్టం కొనేవారిని సృష్టించింది. 1995 ఒప్పందం ఆ చట్టం పునాదినే మార్చింది. ఒక కాలంలో వివేకమైన విధానం మరో కాలంలో అలాగే ఉండదు.

రెండవది, ప్రయోజనం స్పష్టంగా ఉన్నంతకాలం సముదాయం చిన్నదైనా సమర్థంగా పనిచేసింది. ఏజెడ్‌టీ ప్రక్రియకు ధర తగ్గించడం ప్రయోజనం. పాలీకార్బొనేట్ పేటెంటుకు భాగస్వామ్యం ప్రయోజనం. పసుపు వివాదంలో రక్షణ ప్రయోజనం. ఏ ప్రయోజనమూ చెప్పలేని పేటెంటు, ఎన్ని దేశాల్లో ఉన్నా, రుసుముల పద్దులో ఒక వరుస మాత్రమే.

మూడవది, ఎంపిక అన్నది మూడు చోట్ల జరగాలి. దరఖాస్తుకు ముందు పూర్వజ్ఞానాన్ని వెతకాలి. ఏ దేశంలో ఎవరు వాడతారో తెలుసుకున్నాకే విదేశీ దరఖాస్తు చేయాలి. పునరుద్ధరణ వేళ, ఇంతవరకు దీనివల్ల ఎవరికేం ఒరిగిందని అడిగి, సమాధానం లేనివాటిని వదులుకోవాలి. అలా వదిలిన జ్ఞానం వృథా కాదు. అది ఒడంబడికలోని రెండవ భాగం ప్రకారం అందరి సొత్తు అవుతుంది. నాయుడమ్మ తోళ్ల కార్మికులకు అందించినట్లుగా దానిని అందించే వ్యవస్థ ఉన్నప్పుడు, వదులుకోవడం కూడా సంస్థ ధర్మంలో భాగమే.

లాహోరులో భట్నాగర్ తన ఆవిష్కరణకు వచ్చిన ప్రతిఫలాన్ని విశ్వవిద్యాలయానికి మళ్లించినప్పుడు, ఆ సొమ్ము ఎటు పోవాలో ఆయనకు ముందే తెలుసు. ఆ తరువాత ఎనిమిది దశాబ్దాలలో హక్కుల సంఖ్య వేలకు పెరిగింది. కాని ప్రతి దరఖాస్తుకు ముందూ ఆ ప్రశ్న వేసుకునే అలవాటు అంతే నిష్పత్తిలో పెరగలేదు. ప్రజాధనంతో నడిచే పరిశోధన సంస్థ తన పేటెంట్ల గురించి ప్రజలకు చెప్పవలసిన లెక్క ఎన్ని తీసుకున్నదన్నది కాదు, ఏవి ఎవరికి చేరాయన్నది.